కంట్రోల్-సి అనే తుమ్ము

ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ కోసం సి భాషలో చిన్న షెల్ (మనం కొట్టిన కమాండ్లని నడిపించే ప్రోగ్రాము) రాసిన ఒక కుర్రాడు నాకు మెయిల్ పెట్టాడు. "సార్, నా షెల్‌లో స్లీప్ 100 (వంద సెకన్లు ఊరికే ఆగే కమాండ్) అని కొట్టి మధ్యలో కంట్రోల్-సి నొక్కితే, స్లీప్‌తో పాటు నా షెల్ కూడా చచ్చిపోతోంది. మామూలుగా వాడే బాష్ షెల్‌లో అయితే స్లీప్ ఒక్కటే పోతోంది. ఎందుకు?"

మంచి ప్రశ్న. ల్యాబ్ రికార్డులో ఇది ఉండదు. వైవాలో "షెల్ అంటే ఏమిటి" అని అడిగి సంతకం పెట్టేస్తారు. ఫోర్క్ (కొత్త ప్రాసెస్‌ని, అంటే నడిచే ప్రోగ్రాముని, పుట్టించడం), ఎగ్జెక్ (దాంట్లో వేరే ప్రోగ్రాము నింపడం), వెయిట్ (అది ముగిసేదాకా ఆగడం) ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి కాబట్టి వాటిని వదిలేస్తున్నాను. నాకు ఇష్టమైనది కంట్రోల్-సి. తుమ్ముతో పోల్చకుండా దాని గురించి చెప్పడం నా వల్ల కాదు.

బయల్దేరి గడప దాటుతుంటే ఎవరో హాచ్ అన్నారనుకోండి. మా అమ్మమ్మ అయితే వెనక్కి పిలిచి, కాసేపు కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి మళ్ళీ పంపేది. మా మేనమామ విననట్టే వెళ్ళిపోయేవాడు. ఎదురింటాయన ఏకంగా ప్రయాణమే మానుకునేవాడు. యూనిక్స్‌లో సిగ్నల్, అంటే కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) పంపే చిన్న కబురు, అందుకున్న ప్రోగ్రాముకీ ఈ మూడు దారులే. మనం ఏమీ చెప్పకపోతే ఎదురింటాయన పద్ధతి నడుస్తుంది, అంటే కంట్రోల్-సితో వచ్చే సిగ్‌ఇంట్ అనే సిగ్నల్ రాగానే ప్రోగ్రాము చస్తుంది. సిగ్-ఇగ్న్ (పట్టించుకోవద్దు) అని పెడితే మేనమామ. సొంత హ్యాండ్లర్, అంటే సిగ్నల్ వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్, రాసుకుంటే అమ్మమ్మ. తొమ్మిదో నంబరు సిగ్‌కిల్ మాత్రం తుమ్ము కాదు, పిడుగు. దానికి నీళ్ళు తాగినా లాభం లేదు.

ఇంతకీ తుమ్మేది ఎవరు? షెల్ కాదు. కంట్రోల్-సి నొక్కితే 3 అనే కోడ్ ఉన్న అక్షరం కెర్నెల్‌లోని టెర్మినల్ డ్రైవరుకి చేరుతుంది. డ్రైవరు ఆ అక్షరాన్ని మింగేసి, ఆ క్షణంలో టెర్మినల్ ఏ ప్రాసెస్ గ్రూపు (ఒక జట్టుగా ఉన్న ప్రాసెస్‌లు) చేతిలో ఉందో చూసి, ఆ గ్రూపులో ఉన్న అందరికీ 2వ నంబరు సిగ్నల్, అదే సిగ్‌ఇంట్, పంపుతుంది. కుర్రాడి షెల్లూ, అది పుట్టించిన స్లీపూ ఒకే గ్రూపు. తుమ్ము ఒకటే, ఇద్దరూ విన్నారు, ఇద్దరూ పోయారు.

నేను జవాబు రాసేలోపే రెండో మెయిల్. "షెల్‌లో సిగ్-ఇగ్న్ పెట్టాను సార్. ఇప్పుడు షెల్ చావట్లేదు. కానీ స్లీప్ కూడా చావట్లేదు!"

నవ్వొచ్చింది. ఒకప్పుడు నేనూ ఈ గోతిలోనే పడ్డాను. తుమ్ముని లెక్కచెయ్యని ఇంట్లో పుట్టిన పిల్లలు వేరే ఊళ్ళో కాపురం పెట్టినా లెక్కచెయ్యరు. సిగ్-ఇగ్న్ ఫోర్క్‌నీ దాటుతుంది, ఎగ్జెక్‌నీ దాటుతుంది. హ్యాండ్లర్ అలా కాదు. ఎగ్జెక్‌తో పాత ప్రోగ్రాము కోడ్ మొత్తం చెరిగిపోతుంది. కొత్త ఇంట్లో అమ్మమ్మా లేదు, నీళ్ళ చెంబూ లేదు. అందుకని కెర్నెలే ఆ సిగ్నల్‌ని మళ్ళీ డిఫాల్ట్‌కి తిప్పేస్తుంది. సిగ్-ఇగ్న్‌ని మాత్రం ఫోర్క్ అయ్యాక, ఎగ్జెక్‌కి ముందు, పిల్ల ప్రాసెస్‌లో మనమే డిఫాల్ట్‌కి తిప్పాలి.

సరే, హ్యాండ్లరే రాద్దాం. అందులో ఏం రాయాలి? అందరూ ముందుగా రాసేది తెర మీద అచ్చువేసే ప్రింట్‌ఎఫ్. దాంతో ఏమవుతుందో చూడండి. ఇంటికి తాళం వేస్తున్నారు, చెవి సగం తిరిగింది, అప్పుడు తుమ్ము వినిపించింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆచారం ప్రకారం లోపలికి వెళ్ళి నీళ్ళు తాగాలి. లోపలికి వెళ్ళాలంటే తాళం తియ్యాలి. తియ్యాలంటే ముందు సగంలో ఉన్న చెవి పూర్తిగా తిరగాలి. అది తిరగాలంటే ఈ నీళ్ళ తంతు ముగియాలి. ఆ మనిషి సాయంత్రం దాకా వాకిట్లోనే. మాలాక్ (మెమరీ ఇచ్చే ఫంక్షన్), ప్రింట్‌ఎఫ్ లోపల నిజంగానే ఇలాంటి తాళాలు ఉంటాయి. మాలాక్ మధ్యలో సిగ్నల్ వచ్చి, హ్యాండ్లర్ మళ్ళీ మాలాక్‌ని పిలిస్తే, ప్రోగ్రాము తను పట్టుకున్న తాళం కోసం తనే కాచుకుని కూర్చుంటుంది. ఇది వెయ్యిసార్లు నొక్కితే ఒకసారి జరుగుతుంది, అదీ డెమో రోజున.

అందుకే హ్యాండ్లర్‌లో కొంగుకి ముడి వేసుకోవడం తప్ప ఇంకే పనీ పెట్టకూడదు. వోలటైల్ సిగ్-అటామిక్-టి రకం (సిగ్నల్ మధ్యలో వచ్చినా చెడని రకం) వేరియబుల్‌లో 1 పెట్టి బయటికొచ్చేయాలి. తీరిగ్గా మెయిన్ లూప్‌లో ముడి చూసుకుని పని చెయ్యాలి. ఒకే కొంగుకి ఒకటే ముడి అని గుర్తుంచుకోండి. మనవాళ్ళు ఒంటి తుమ్ము చెడ్డది, జంట తుమ్ము పరవాలేదు అంటారు గానీ కెర్నెల్‌కి ఆ లెక్క తెలియదు. మొదటిది అందేలోపు అదే సిగ్నల్ మళ్ళీ వస్తే రెండూ కలిసి ఒకటైపోతాయి. ముగ్గురు పిల్లలు ఒకేసారి ముగిసినా పిల్ల ముగిసిందని చెప్పే సిగ్‌చైల్డ్ ఒక్కటే రావచ్చు. అందుకే ముగిసిన పిల్లల లెక్క తేల్చే వెయిట్‌పిడ్‌ని లూప్‌లో పిలుస్తారు.

పాత యూనిక్స్‌లో ఇంకా ఘోరం. 1979 నాటి ఏడో ఎడిషన్‌లో హ్యాండ్లర్ ఒక్కసారికే పనిచేసేది. మొదటి తుమ్ముకి అమ్మమ్మ నీళ్ళు తేవడానికి లోపలికెళ్తుంది. తిరిగొచ్చేలోపు ఇంకొకటి వినబడితే అక్కడ ఎదురింటాయన పద్ధతే. 1983లో వచ్చిన 4.2 బిఎస్‌డి అనే యూనిక్స్ రకం దీన్ని సరిచేసింది. అదే ఏడో ఎడిషన్‌తో వచ్చిన స్టీవ్ బోర్న్ రాసిన షెల్ ఇంకో అడుగు ముందుకేసి, ముక్కుపొడి పీల్చి మరీ తుమ్ము తెచ్చుకునేది. మెమరీ చాలకపోతే తనది కాని చోటు తాకడం, సిగ్‌సెగ్వీ (మెమరీ తప్పు సిగ్నల్) తెప్పించుకోవడం, హ్యాండ్లర్‌లో ఎస్‌బ్రేక్‌తో మెమరీ పెంచుకుని ఆగిన చోటి నుంచే సాగిపోవడం. మోటరోలా 68000 చిప్పు తప్పు జరిగిన ఇన్‌స్ట్రక్షన్‌ని సరిగ్గా మళ్ళీ మొదలుపెట్టలేదు. ఆ షెల్‌ని ఆ చిప్పు మీదికి తెచ్చినవాళ్ళు నానా పాట్లూ పడ్డారు.

మళ్ళీ కుర్రాడి దగ్గరికి. ప్రాంప్ట్ దగ్గర ఖాళీగా ఉన్నప్పుడు కంట్రోల్-సి నొక్కితే షెల్ మర్యాదగా ముగిసిపోతోందట, హ్యాండ్లర్ ఉన్నా సరే. లైను చదివే ఎఫ్‌గెట్స్ నల్ (ఖాళీ) ఇచ్చిందంటే ఇన్‌పుట్ అయిపోయిందని అతను అనుకున్నాడు. అదే తప్పు. కంట్రోల్-డి కొడితే నిజంగానే అయిపోయినట్టు. సిగ్నల్ వస్తే మాత్రం లోపలి రీడ్ -1 ఇచ్చి, ఎర్ర్‌నోలో (తప్పు కోడ్ ఉండే చోటు) ఈ-ఇంటర్ అని రాసి పెడుతుంది. "పని చెడలేదు, ఎవరో తుమ్మారు, మళ్ళీ బయల్దేరు" అని దానర్థం. హ్యాండ్లర్‌ని నమోదు చేసే సిగ్‌యాక్షన్‌లో ఎస్ఏ-రీస్టార్ట్ పెడితే కెర్నెలే మళ్ళీ బయల్దేరదీస్తుంది. షెల్‌కి మాత్రం అది పెట్టకపోవడమే మంచిదని నేనంటాను. సగం కొట్టిన లైను పారేసి కొత్త ప్రాంప్ట్ చూపించాలంటే మనం లేవాలి కదా. లేచాక తప్పు గుర్తు చెరిపే క్లియర్-ఎర్ర్ పిలిచి ఎఫ్‌గెట్స్‌కి తిరిగి వెళ్ళాలి.

పిల్ల ఎలా పోయిందో కూడా చూడాలి. కమాండ్ ఎలా ముగిసిందో చెప్పే ఎగ్జిట్ కోడ్‌గా, అది దొరక్కపోతే 127, దొరికినా నడపలేకపోతే 126, సిగ్నల్‌తో పోతే 128కి ఆ నంబరు కలపడం షెల్ మర్యాద. కంట్రోల్-సితో పోయిన స్లీప్‌కి 130 అందుకే.

కుర్రాడు అన్నీ సరిచేసి, సెట్‌పిజిఐడితో స్లీప్‌కి వేరే గ్రూపు పెట్టి, టిసిసెట్‌పిజిఆర్‌పితో టెర్మినల్ దాని చేతికిచ్చాడు. మొన్న మూడో మెయిల్. "స్లీప్ పోయింది సార్, షెల్ చావలేదు. కానీ 'స్టాప్డ్' అని చూపించి బాష్‌లోకి వచ్చేసింది!"

స్లీప్ పోయినా టెర్మినల్ ఇంకా ఆ గ్రూపు పేరు మీదే ఉంది. వెనక వరసలో ఉన్న షెల్ దాన్ని లాక్కోబోతే కెర్నెల్ సిగ్‌టిటిఓయు (వెనక వరసవాళ్ళు టెర్మినల్ మీద చెయ్యి వేస్తే వచ్చే సిగ్నల్) పంపి నిలబెట్టేసింది. ఈ ఒక్క తుమ్ముకి మాత్రం షెల్ మేనమామలా ఉండాలని రాశాను. పిల్లలో ఎగ్జెక్‌కి ముందు దీన్నీ డిఫాల్ట్‌కి తిప్పమని కింద ఇంకో లైను చేర్చాను.