వాహనాల అర్రలోని గరుత్మంతుడు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

ఓరుగల్లు పిల్లలకు గుడి అంటే రాయే గుర్తొస్తుంది. వేయిస్తంభాల గుడి 1163 నాటిది, రామప్ప 1213 నాటిది, రెండూ ముఖ్యంగా రాతి పనే. కానీ మూలవిరాట్టు గడప దాటి రాడు. వీధిలోకి వచ్చేది ఉత్సవ విగ్రహం, దాన్ని ఎక్కించుకునేది కర్ర వాహనం. భద్రకాళి గుడిలో నవరాత్రులప్పుడు మీరు చూసే ఉంటారు. ఊరేగింపు అయిపోగానే ఆ వాహనాలు ఓ అర్రలోకి పోతాయి, మళ్ళీ పండుగ దాకా వాటిని ఎవరూ పట్టించుకోరు. పాడయ్యేది అక్కడే.

ముందు ఆ వాహనాల్లో ఒకడైన గరుత్మంతుడు ఎట్లా తయారవుతాడో తెలుసుకోండి. ఆయన ఒక్క దుంగలోంచి రాడు. ఒళ్ళు, రెక్కలు, ముక్కు, పీట వేర్వేరుగా చెక్కి కలుపుతారు. బరువు మోసే పీటకు, ఒంటికి టేకు చేవ కావాలి. చేవ అంటే దుంగ నడుమ ఉండే ముదురు కర్ర. చుట్టూ ఉండే లేత కర్రకు పురుగు తొందరగా పడుతుంది. బాడిశతో ఆకారం తెచ్చి, ఉలితో ఈకలు తీసి, ఆకురాయితో నున్నగా చేస్తారు. ఒక ముక్కకు నాలుక తీసి, రెండోదానికి సరిగ్గా అంతే పొక్క తొలిచి, దిగగొడతారు. ఇనుప మేకు కొడితే తేమకు తుప్పు పట్టి ఉబ్బుతుంది, చుట్టూ కర్రను చీలుస్తుంది. అందుకే మంచి వడ్రంగి కర్ర చీలలే వాడతాడు.

నిర్మల్ బొమ్మలకు, చేర్యాల బొమ్మలకు వాడే పొనికి కర్ర వేరు. అది తేలిక, మెత్తన, ఉలికి ఇట్టే లొంగుతుంది. చేతిలో పట్టే బొమ్మకు అది బంగారం. నలుగురు భుజాన మోసే వాహనానికి పనికిరాదు.

పచ్చి కర్రతో పని మొదలుపెడితే మొత్తం చెడుతుంది. కర్ర ఆరేటప్పుడు పొడవు దాదాపు తగ్గదు, అడ్డం మాత్రం తగ్గుతుంది. అతుకు దగ్గర ఒక ముక్క నిలువుగా, ఇంకొకటి అడ్డంగా ఉంటే రెండూ ఒక్క తీరుగా కుంచించుకోవు. అతుకు విడుతుంది, పైనున్న రంగు గీత గీసినట్టు పగులుతుంది. రంగు పగిలిందంటే చాలాసార్లు తప్పు రంగుది కాదు, లోపలి కర్రది.

ఇక పైపూత. బొమ్మలు చేసి రంగులు వేసే మన నకాశీల పద్ధతి చెబుతాను. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి జిగురు తీస్తారు. దాంట్లో జల్లించిన రంపపు పొట్టు కలిపి, రొట్టె పిండిలా పిసికి, అతుకులు, గుంటలు పూడుస్తారు. అది పూర్తిగా ఆరాక సుద్దమట్టిని జిగురుతో కలిపి పలచగా రెండు మూడు పూతలు వేస్తారు. ఒక్కసారే మందంగా వేస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉండి బీటలు వారుతుంది. జిగురు ఎక్కువైతే పెచ్చులై లేస్తుంది, తక్కువైతే వేలు రుద్దగానే తెల్లగా అంటుకుంటుంది. ఆ పాళ్ళు చెయ్యి పట్టుకొని నేర్చుకోవాల్సినవే. ఆ పైన రంగులు. దీపపు మసితో నలుపు, శంఖం పొడితో తెలుపు, ఇంగిలీకంతో ఎరుపు, అన్నీ చెట్టు జిగురుతో కలిపినవే. సన్న గీతలకు ఉడుత వెంట్రుకల కుంచె.

జిగురు నీళ్ళలో కరుగుతుంది కదా, అట్లాంటి వాహనాన్ని పండుగ ముందు తడిబట్టతో తుడిస్తే ఏమవుతుందో మీరే చెప్పగలరు. నీళ్ళు తగిలే కర్ర మూర్తుల సంగతి చూడండి. పూరీ జగన్నాథుడు వేపకర్ర మూర్తి. జ్యేష్ఠ పౌర్ణమి నాడు 108 కడవల నీళ్ళతో స్నానం చేయిస్తారు. తర్వాత పక్షం రోజులు దర్శనం ఉండదు, ఆ రోజుల్లోనే మూర్తికి మళ్ళీ రంగులు పడతాయి. కంచిలో అత్తికర్ర వరదరాజస్వామిని 40 ఏళ్ళపాటు కోనేటి అడుగున ఉంచుతారు. 1979 తర్వాత బయటికి తెచ్చింది 2019లో. మునిగి ఉన్న కర్రకు గాలి సరిగ్గా అందదు, అందుకని కుళ్ళు మెల్లగా సాగుతుంది. తడవడం, ఆరడం, మళ్ళీ తడవడం, ఇదే కర్రను తినేస్తుంది. అర్ర కడిగిన ప్రతిసారీ పీట కాళ్ళకు జరిగేది అదే.

కాబట్టి మీ ఊరి గుడిలో పెద్దల అనుమతితో ఈ పనులు చేయండి. వాహనాన్ని గోడకు మూరెడు దూరం జరిపి, కాళ్ళ కింద రాతి దిమ్మెలు పెట్టించండి. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమ్మ నిలిచి బూజు వస్తుంది, పాత నూలు పంచె కప్పండి. పీట కాళ్ళ మీద మట్టి గీతలు ఎక్కుతుంటే అవి చెద దారులు. కింద పసుపురంగు కర్రపొడి రాలుతుంటే పుచ్చు పురుగు లోపలుంది. వేలి గణుపుతో కొట్టి చూడండి, డొల్ల మోత వస్తే పూజారిగారికి చెప్పండి. ఈ తనిఖీ ఉత్సవానికి నెల ముందు జరగాలి. బోయీలు భుజానికెత్తుకున్నాక కాలు విరిగితే స్వామితో సహా కింద పడతారు.

నిగనిగలాడాలని పాత పూత మీద ఎనామిల్ రంగు కొట్టించే అలవాటు నాకు చాలా బాధ కలిగిస్తుంది. నాలుగైదు పూతలకు ఉలి తీసిన ఈకలన్నీ పూడిపోయి, గరుత్మంతుడి రెక్క చాటలా అయిపోతుంది. దీపం పొగ పట్టిందా, మెత్తటి పొడి కుంచెతో దులపండి. సబ్బు, నిమ్మకాయ, చింతపండు దగ్గరికి తేవద్దు.

రాలిన రంగు పెచ్చు ఎక్కడైనా దొరికితే ఊడ్చి పారేయకండి, మీరే అంటించనూ వద్దు. కాగితంలో మడిచి, పైన "ఎడమ రెక్క, కింది వరుస, మూడో ఈక" అని రాసి, తారీకు వేసి గుడిలో దాచిపెట్టమనండి. బాగుచేసే నకాశీ వచ్చిన రోజు మొదట అడిగేది ఆ పొట్లమే.

ఇట్లు,
మీ తాత