శాసనాలతో చరిత్ర పాఠం: అపోహలు, వాస్తవాలు

సోషల్ టీచర్‌గా కాకతీయుల పాఠం చెప్పేటప్పుడు నేను పాఠ్యపుస్తకంతో పాటు ఆ కాలపు శాసనాలు, యాత్రికుల రాతలు కూడా పిల్లల ముందు పెడతాను. దీనిమీద తోటి టీచర్లు, తల్లిదండ్రులు తరచూ అనే మాటలివి.

అపోహ: శాసనాలు పండితులకే గానీ పిల్లలకు అర్థం కావు.

వాస్తవం: పాత లిపి చదవమని పిల్లల్ని ఎవరూ అడగరు. అచ్చయిన శాసనం నుంచి నాలుగు వాక్యాలు వాడుక తెలుగులో రాసి జెరాక్స్ తీసిస్తే చాలు. 1244 నాటి మోటుపల్లి రేవులోని అభయ శాసనమే చూడండి. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా పూర్వపు రాజులు లాక్కునేవారని, తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని కాకతీయ రాజు గణపతిదేవుడు అందులో మాట ఇచ్చాడు. "ఇది జాలితోనా, వ్యాపారం పెరగాలనా?" అని అడిగితే చాలు, క్లాసు రెండు పక్షాలవుతుంది. సుంకాల జాబితాలో గంధం, కర్పూరం, ముత్యాలు, మిరియాలు కనబడగానే అవి ఎక్కడివో అట్లాసు తీసి వెతుకుతారు.

అపోహ: అసలు ఆధారం చూపిస్తే నిజం తెలిసిపోయినట్టే.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికంటే నష్టం చేసేది ఈ అపోహే. భర్త పోయాక నలభై ఏళ్లుగా ఒక రాణి ఈ రాజ్యాన్ని ఏలుతోందని వెనిస్ యాత్రికుడు మార్కోపోలో రాశాడు. రుద్రమదేవి గణపతిదేవుడి కూతురు, భార్య కాదు. ఆమె 1262లో పాలన చేపట్టిందనుకున్నా అతను రాసేనాటికి నలభై ఏళ్లు కావు. లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే గద్దలు వాటికి అంటుకున్న వజ్రాలతో సహా ఎత్తుకొస్తాయనీ అతనే రాశాడు. అలాగని అతన్ని పక్కన పడేయొద్దు. ఏది కళ్లారా చూసి ఉంటాడు, ఏది విని రాసి ఉంటాడు అని పిల్లల చేత రెండు రంగుల పెన్నులతో గీతలు గీయిస్తాను.

తర్వాత నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం. రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యలోకం కలగాలని పువ్వుల ముమ్మడి అనే భటుడు 1289లో భూమి దానం చేశాడు. ఆమె తిరగబడ్డ సామంతుడు అంబదేవుడితో యుద్ధంలో మరణించిందని అందరం చెప్పుకుంటాం. శాసనంలో ఆ యుద్ధం మాటే లేదు. రాణి, సేనాని ఇద్దరి పేర్లూ కలిసి ఉండటం చూసి చరిత్రకారులు అలా ఊహించారు. శాసనం చెప్పినదేదో, మనం ఊహించినదేదో విడదీయడం ఏడో తరగతి పిల్లలకూ వస్తుంది.

అపోహ: ఇలా చెబితే సిలబస్ పూర్తవదు.

వాస్తవం: ప్రతి పాఠానికీ అక్కర్లేదు. టర్ముకు రెండు పాఠాలు ఇలా చెప్పినా సరిపోతుంది.

అపోహ: మా ఊళ్లో శాసనాలు లేవు కాబట్టి కుదరదు.

వాస్తవం: పాత పట్టా కాగితం, పెళ్లి శుభలేఖ, తాతయ్య దాచుకున్న ఉత్తరం, అన్నీ ఆధారాలే. స్కూలు పాత అడ్మిషన్ రిజిస్టరు ఇంకా మంచిది: ఏ ఏడు ఎంతమంది ఆడపిల్లలు చేరారో లెక్క తీయించండి. పేర్లు, కులం కాలమ్‌లు మాత్రం తెల్లకాగితంతో కప్పేశాకే జెరాక్స్ తీయండి.