ఎదురుకాళ్ల పిల్లాడు, నా నడుం

కిందటి వేసవిలో గుంటూరు బ్రాడీపేటలోని మా వంటింట్లో 20 లీటర్ల వాటర్ క్యాన్ ఎత్తి స్టాండు వైపు తిరగబోయాను. నడుంలో కలుక్కుమంది. వంగినవాణ్ని వంగినట్టే గోడ పట్టుకుని మంచం చేరాను. మా పెద్దమ్మ వచ్చి చూసింది. "ఒరేయ్, వెనకవీధిలో ఎదురుకాళ్లతో పుట్టిన పిల్లాడున్నాడు. వాడిచేత నడుం మీద మూడుసార్లు తన్నిస్తే సరి" అంది. నవ్వొచ్చింది గానీ, నవ్వితే కూడా నొప్పే.

ఈ తన్నుల వైద్యానికి మన ఊళ్లలో ఇంత పేరు ఎందుకొచ్చిందంటే, ఉన్నట్టుండి పట్టేసిన నడుం చాలామందికి కొద్ది వారాల్లో దానంతటదే చాలావరకు సర్దుకుంటుంది. నొప్పి బాగా ముదిరిన రోజునే పిల్లాణ్ని పిలుస్తాం. ఆ తర్వాత ఎటూ తగ్గేదే, పేరు మాత్రం పిల్లాడికి. సగం ఆయింట్‌మెంట్ల ఖ్యాతి కూడా ఇలాంటిదేనని నా అనుమానం.

తన్నులు తప్పించుకున్నాను గానీ ఇంకో సలహాకి దొరికిపోయాను. "కదలకు, చాపేసుకుని నేలమీద పడుకో." మూడు రోజులు పడుకున్నాను. నాలుగో రోజు బాత్రూంకి లేవడమే గండమైంది. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో ఇలా నడుం పట్టేసిన 186 మంది నగర ఉద్యోగులను మూడు గుంపులు చేసి చూశారు. ఒకరికి రెండు రోజుల బెడ్ రెస్ట్, ఒకరికి నడుం వ్యాయామాలు, మూడోవాళ్లకి నొప్పి ఓర్చుకోగలిగినంత మేర మామూలు పనులు. ముందుగా కోలుకున్నది మూడోవాళ్లే.

వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు కట్టుబడిని చూస్తే కదలిక ఎందుకు అవసరమో కొంత అర్థమవుతుంది. తాటిముంజె గుర్తుకు తెచ్చుకోండి. లోపల నీరు పట్టిన మెత్తటి గుజ్జు, చుట్టూ పొరలు పొరలుగా గట్టి పీచు. పెద్దవాళ్లలో డిస్కు లోపలికి రక్తనాళాలు వెళ్లవు. పైనా కిందా ఉన్న ఎముకల నుంచి పోషకాలు మెల్లగా ఊరి రావాలి. బరువు పడినప్పుడు అందులోంచి కొంత నీరు బయటికి పోతుంది, పడుకున్నప్పుడు మళ్లీ లోపలికి చేరుతుంది. అందుకే పొద్దున్న మన ఎత్తు రాత్రికంటే ఓ సెంటీమీటరు పైనే ఎక్కువ. ఈ రాకపోకలు సాగాలంటే ఒంటికి కదలిక ఉండాలి, రోజుల తరబడి పడుకుంటే కుదరదు.

ఇక్కడే మన ఇళ్లలో ఒక చిక్కుంది. నిద్రలేచేసరికి డిస్కులు నీరు పట్టి బిగువుగా ఉంటాయి, అప్పుడు వంగితే వాటి మీద ఒత్తిడి మరీ ఎక్కువ. మనం సరిగ్గా ఆ వేళకే పొట్టి చీపురుతో వాకిలి ఊడ్చి, నడుం వంచి ముగ్గేస్తాం. పొద్దున్నే వంగకుండా జాగ్రత్తపడిన పాత నడుంనొప్పి వాళ్లకి నొప్పి రోజులు తగ్గాయని 1998లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధన చెప్పింది. ముగ్గు మానక్కర్లేదు. ఓ గంట ఆగి, గొంతుక్కూర్చుని వేసుకోవచ్చు. మా ఇంట్లో ఆ నెలంతా వాకిలి నేనే ఊడ్చాను, పొడుగు కర్ర చీపురుతో, కాఫీ తాగాక.

ఇక వాటర్ క్యాన్ లెక్క. వీపు కండరాలు డిస్కుకి 5 సెంటీమీటర్లు వెనక ఉన్నాయనుకుందాం. 20 కిలోల క్యాన్‌ని 50 సెంటీమీటర్ల ముందు పట్టుకుంటే తూకం నిలవడానికి కండరాలు 200 కిలోల బలంతో లాగాలి. అదే క్యాన్‌ని పొట్టకి దగ్గరగా, 25 సెంటీమీటర్లలో పట్టుకుంటే 100 చాలు. ఇందులో మన ఒంటి బరువు లెక్కే లేదు. మిర్చియార్డులో ముఠా కూలీలను చూడండి. టిక్కీని, అంటే మిర్చి బస్తాని, ఇద్దరు పట్టి మూడోవాడి వీపు మీదికి ఎక్కిస్తారు. బరువు ఒంటికి అతుక్కునే ఉంటుంది, తిరగాలంటే పాదాలు కదిలిస్తారు. నేను పాదాలు అక్కడే పెట్టి నడుం తిప్పాను.

నొప్పి కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది స్కానింగ్ రిపోర్టు. అడిగి మరీ తీయించుకున్నాను, అందులో 'డిస్క్ బల్జ్' అని ఉంది, అంటే డిస్కు కాస్త బయటికి ఉబ్బిందని. ఆ రాత్రి నిద్ర లేదు. ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్లను పోగేసి 2015లో చూస్తే, 20 ఏళ్ల వాళ్లలోనే నూటికి 30 మందికి ఆ బల్జ్ ఉందట. 80 ఏళ్లవాళ్లలో 84 మందికి. అది చదివాకే టెన్షన్ తగ్గింది.

అయితే కొన్ని గుర్తులుంటే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లడం ఆలస్యం చేయకూడదు. మూత్రం బిగుసుకున్నా, తెలియకుండా పోయినా, మలద్వారం చుట్టూ, తొడల లోపల తిమ్మిరెక్కినా, పాదం ఈడ్చుకుపోతున్నా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్, పెద్ద దెబ్బ, వీటిలో ఏదున్నా ఇంటివైద్యం వద్దు. మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు వారాల తరబడి మింగడం కడుపుకీ కిడ్నీలకీ చేటు.

వేడినీళ్ల సంచితో కాపడం హాయిగానే ఉంటుంది, పెట్టుకోండి. కటిక నేల అక్కర్లేదు. పాత నడుంనొప్పికి మరీ గట్టి పరుపుకంటే ఓ మోస్తరు గట్టిదే నయమని 2003లో స్పెయిన్‌లో తేలింది. చాప చుట్టేశాను.

నాకు బాగా పనికొచ్చింది నడక. మొదట వీధి చివరిదాకా, రెండు వారాలకి ఎన్టీఆర్ స్టేడియంలో ఒక రౌండు. కోలుకున్నాక కూడా ఆపలేదు. 2024లో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధనలో 701 మందిని గమనించారు. నడక కార్యక్రమం పాటించినవాళ్లకి నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది, మిగతావాళ్లకి 112.

ఐదో వారంలో పెద్దమ్మ ఆ పిల్లాణ్ని తీసుకొచ్చేసింది. వాడు సిగ్గుపడుతూ బొటనవేలితో మూడుసార్లు తాకి పారిపోయాడు. నా నడుం బాగుచేసింది వాడేనని పెద్దమ్మ ఇప్పటికీ వీధంతా చెబుతోంది.