పదేళ్ల పీఈ గొడవ: 1996 డిసెంబరులో మారిపోయిన ప్రశ్న

విజయవాడ గవర్నర్‌పేటలోని షేర్ల ఆఫీసుల్లో, గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట మదుపరుల వాట్సాప్ గ్రూపుల్లో పాత గొడవ ఒకటి మళ్లీ రాజుకుంది. ఒక కంపెనీ షేరు చవకో ఖరీదో తేల్చాలంటే నిరుటి లాభం చూడాలా, పదేళ్ల లాభాలను ద్రవ్యోల్బణానికి తగ్గట్టు సరిచేసి సగటు తీయాలా? షేరు ధర, షేరు మీద లాభానికి ఎన్ని రెట్లుందో చెప్పేది పీఈ. అలా పదేళ్ల సగటు లాభం మీద అమెరికా మార్కెట్‌కు కట్టే ‘పదేళ్ల పీఈ’ 2025 అక్టోబరులో 40 దాటింది. అంతకుముందు ఆ ఎత్తున కనిపించింది టెక్నాలజీ షేర్ల బుడగ ఉబ్బి పగిలిన 1999-2000లోనే. ఆ వార్త వచ్చిన దగ్గర్నుంచి ఇక్కడ చక్కెర, సిమెంటు, నూలు మిల్లుల షేర్లకూ అదే లెక్క వేస్తున్నారు. ‘అన్నా, ఇది 21 మీద ఉంది, అమ్మెయ్’ అని ఒకరు, ‘పాత లాభాలతో మనకేం పని బాబాయ్’ అని ఇంకొకరు.

పీఈ గురించీ, కంపెనీ విలువ లెక్కగట్టి షేర్లు కొనడం నేర్పిన అమెరికన్ బెంజమిన్ గ్రాహం గురించీ ఈ గొడవలో ఉన్నవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఐదేళ్లకు తగ్గకుండా, వీలైతే ఏడు, పదేళ్ల లాభాల సగటు చూడమని గ్రాహం, ఆయన సహ రచయిత డేవిడ్ డాడ్ 1934లోనే రాశారన్నదీ తెలిసిందే. ఇప్పటి వాదనలు ఇలా అడ్డదిడ్డంగా ఎందుకు సాగుతున్నాయో తెలియాలంటే మాత్రం 1996 డిసెంబరు 3 దగ్గర ఆగాలి.

ఆ రోజు హార్వర్డ్ ప్రొఫెసర్ జాన్ క్యాంప్‌బెల్, యేల్ ప్రొఫెసర్ రాబర్ట్ షిల్లర్ వాషింగ్టన్‌లో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) బోర్డు ముందు కూర్చుని తమ పరిశోధన వివరించారు. అప్పటికి ఎనిమిదేళ్ల కిందట, 1988లో, వీళ్లిద్దరూ గ్రాహం సగటును తీసుకుని దానికి రెండు మార్పులు చేశారు. పాత ఏళ్ల లాభాలను నేటి డాలర్ల విలువలోకి మార్చడం ఒకటి. ఒక్కో కంపెనీని వదిలేసి అమెరికా పెద్ద కంపెనీల షేర్లను కలిపి కొలిచే ఎస్ అండ్ పీ సూచీ మొత్తానికి ఆ లెక్క కట్టడం రెండోది. మొదటి మార్పు గురించి అందరూ మాట్లాడతారు. అసలు కథంతా రెండోదాంట్లో ఉంది.

బోర్డు ముందుకు వెళ్లే సమయానికి ఆ నిష్పత్తి, అంటే సూచీ పదేళ్ల పీఈ, 28 దగ్గర ఉంది. 1881 నుంచి లెక్కిస్తే దాని సగటు 17 ప్రాంతం. ఇంత పైనుంచి మొదలైతే వచ్చే పదేళ్లలో, ద్రవ్యోల్బణం తీసేసి చూస్తే, షేర్ల విలువ పెరగకపోగా బాగా పడిపోతుందని వాళ్ల లెక్కలు చెప్పాయి. రెండు రోజుల తర్వాత, డిసెంబరు 5న, ఫెడ్ ఛైర్మన్ అలన్ గ్రీన్‌స్పాన్ ఒక విందు ప్రసంగంలో, అర్థం లేని ఉత్సాహం ఆస్తుల ధరలను హద్దు మీరి పెంచేసిందని మనకు ఎలా తెలుస్తుందని అడిగారు. మర్నాడు టోక్యో నుంచి న్యూయార్క్ దాకా మార్కెట్లు దిగాయి. అప్పటిదాకా ఆర్థిక శాస్త్ర పత్రికల్లో ఉన్న ఒక కొలత ఆ వారంతో ప్రమాద ఘంటికగా పేరు తెచ్చుకుంది.

తర్వాత ఏం జరిగిందన్నది ఎక్కడ ఆగి చూస్తామన్నదాన్ని బట్టి మారుతుంది. ఆ డిసెంబరులో 740ల్లో ఉన్న ఎస్ అండ్ పీ 500 సూచీ మూడేళ్లకు పైగా పెరుగుతూనే పోయి, 2000 మార్చిలో 1,527కి చేరింది. పదేళ్ల పీఈ 44 దాకా వెళ్లింది. సరిగ్గా అదే మార్చిలో షిల్లర్ పుస్తకం ‘అర్థం లేని ఉత్సాహం’ అన్న గ్రీన్‌స్పాన్ మాటనే పేరుగా పెట్టుకుని బజారులోకి వచ్చింది, మార్కెట్ కూలింది, షిల్లర్ మాట వేదమైంది. 2013లో ఆయనకు నోబెల్ కూడా వచ్చింది.

కానీ 2002 అక్టోబరులో, ఆ పతనం అట్టడుగున ఉన్నప్పుడు కూడా సూచీ 776 దగ్గర ఆగింది. అంటే 1996లో హెచ్చరిక విని అమ్మేసినవాడు అమ్మిన ధర కంటే పైనే. పదేళ్ల గడువు నిండిన 2007 జనవరిలో, ద్రవ్యోల్బణం తీసేసి చూసినా సూచీ 1997 జనవరి కంటే 40 శాతానికి పైగా ఎక్కువే ఉంది. ఇంకో రెండేళ్లు ఆగితే 2009 మార్చిలో 676కు పడింది, 1996 కంటే కింద. ఒకే కొలత, మూడు తేదీలు, మూడు తీర్పులు. నేటికీ రెండు పక్షాలూ తమకు నచ్చిన తేదీ దగ్గర ఆగి వాదిస్తున్నాయి.

నా ఉద్దేశంలో నష్టం జరిగింది ఇక్కడే. గ్రాహం సగటు అడిగిన ప్రశ్న వేరు. మంచీ చెడూ కలిసిన మామూలు ఏడాదిలో ఈ కంపెనీ ఎంత సంపాదించగలదు? దానికి నేనెంత ఇవ్వొచ్చు? 1996 తర్వాత అదే సగటును మార్కెట్ ఎప్పుడు పడుతుందని అడగడం మొదలుపెట్టారు. జవాబు సరిగా రాకపోయేసరికి కొందరు కొలతనే తప్పుపట్టారు.

మొదటి ప్రశ్న గుంటూరు జిల్లా రైతుకు వివరించే పని లేదు. 2023లో క్వింటా 20 వేలు దాటి పలికిన మిర్చికి, 2025 ఫిబ్రవరి వచ్చేసరికి కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. 20 వేల ఏడాదిని చూసి ఎకరానికి కౌలు ఒప్పుకున్నవాళ్ల పరిస్థితి ఈ చుట్టుపక్కల ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. కౌలు మాట్లాడేటప్పుడు తలపండిన రైతు నాలుగైదు పంటల మీద ఏం మిగిలిందో చూస్తాడు.

ఇప్పుడు ఒక చక్కెర కంపెనీని తీసుకుందాం. అంకెలు నావి, ఏ కంపెనీవీ కావు. షేరు మీద పదేళ్ల లాభం వరసగా 3, 1, రెండు రూపాయల నష్టం, 4, 6, 2, 5, 9, 14, 18 రూపాయలు. షేరు ధర 144. నిరుటి 18 రూపాయల మీద పీఈ 8. స్క్రీన్ మీద ఇది కారుచవక. పదేళ్లకు మామూలు సగటు తీస్తే లాభం 6 రూపాయలే, పీఈ 24. ఏటా 5 శాతం ద్రవ్యోల్బణం అనుకుని పాత లాభాలను నేటి రూపాయల్లోకి మారిస్తే సగటు 6 రూపాయల 72 పైసలు, పీఈ 21 చిల్లర. ఒకే షేరు, ఒకే రోజు, ఎనిమిదీ ఇరవయ్యొకటీ.

ద్రవ్యోల్బణం సర్దుబాటు మన దగ్గర అలంకారం కాదని కూడా ఈ లెక్కలోనే కనిపిస్తుంది. ఏటా 2 శాతం చొప్పున ధరలు పెరిగే చోట పదేళ్ల కిందటి 100 నేడు 122కు సమానం. 6 శాతం పెరిగే చోట అది 179. పాత లాభాన్ని సరిచేయకుండా సగటు తీస్తే మన కంపెనీలన్నీ ఉన్నదానికంటే ఖరీదుగా కనిపిస్తాయి. గ్రూపుల్లో తిరిగే పట్టికల్లో చాలావాటిది మామూలు సగటే. దానికి షిల్లర్ పేరు తగిలించి పంపుతున్నారు.

పాత లాభాలతో పనిలేదనే రెండో పక్షం ఏమంటోంది? అమెరికాలో వీళ్లకు పెద్ద దిక్కు వార్టన్ ప్రొఫెసర్ జెరెమీ సీగెల్. లాభం అన్న మాటకు అర్థమే మారిపోయిందన్నది ఆయన వాదన. 2001 తర్వాత వచ్చిన అకౌంటింగ్ నిబంధనల వల్ల ఆస్తుల విలువ తగ్గినప్పుడు ఆ మొత్తాన్ని వెంటనే నష్టంగా చూపించాల్సి వచ్చింది, పెరిగినప్పుడు లాభంగా చూపే వీలు చాలావాటికి లేదు. 2008 చివరి త్రైమాసికంలో ఏఐజీ అనే ఒక్క బీమా సంస్థ 6,100 కోట్ల డాలర్లకు పైగా నష్టం చూపించింది, ఎస్ అండ్ పీ 500 కంపెనీలన్నిటి లాభం కలిపితే ఆ త్రైమాసికంలో చరిత్రలో మొదటిసారి సున్నా కిందికి పోయింది. ఆ గుంట పదేళ్ల సగటును కిందికి లాగి నిష్పత్తిని పైకి ఎగదోసిందంటారు సీగెల్. బలమైన మాటే. కాకపోతే 2019 నాటికి ఆ ఏడాది సగటులోంచి జారిపోయింది, నిష్పత్తి మాత్రం 30 ప్రాంతంలోనే ఉండిపోయింది.

ఇక్కడి గొడవకు సీగెల్ కంటే 2019 సెప్టెంబరు 20 ముఖ్యం. ఆ రోజు కేంద్రం కంపెనీ పన్ను తగ్గించింది. మినహాయింపులు వదులుకున్న కంపెనీకి సర్‌చార్జీ, సెస్సు కలిపి 34.94 శాతం ఉన్న పన్ను 25.17 శాతానికి దిగింది. పన్నుకు ముందు 100 రూపాయల లాభం మీద అంతకుముందు 65 మిగిలేది, ఇప్పుడు 75 మిగులుతోంది. వ్యాపారంలో వెంట్రుకవాసి మార్పు లేకపోయినా లాభం 15 శాతం పెరిగినట్టు. పాత లాభాలతో పనిలేదనేవాళ్ల చేతిలో ఉన్న మంచి అస్త్రం ఇది. అయినా ఎక్కువగా బయటికి తీసేది వేరేదాన్ని: పెట్రోలులో కలిపే ఇథనాల్.

2018 జీవ ఇంధన విధానం తర్వాత చక్కెర మిల్లుల లెక్క మారిన మాట నిజం. చెరకు రసం నుంచి, బి హెవీ మొలాసిస్ (చక్కెర ఇంకా కొంత మిగిలి ఉన్న మడ్డి) నుంచి ఇథనాల్ తీసి చమురు కంపెనీలకు అమ్ముకునే దారి దొరికింది. ఇకపై చక్కెర ధరతో సంబంధం లేదు, ఈ రంగం మారిపోయింది అన్నారు. 2023 డిసెంబరు 7న, చక్కెర దిగుబడి తగ్గేలా ఉందని, చెరకు రసంతో ఇథనాల్ చేయొద్దని కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది. షేర్లు ఆ రోజే పడ్డాయి. తర్వాతి వారం కొంత సడలించారు, 2024 ఆగస్టు చివరికి కొత్త సీజన్ కోసం ఆంక్ష ఎత్తేశారు. మంచి ఏడాదీ చెడ్డ ఏడాదీ పోలేదు, వాటిని తెచ్చేది ఇంతకుముందు వానా చక్కెర ధరా అయితే ఇప్పుడు ఢిల్లీ ఉత్తర్వు కూడా. ఉయ్యూరు వైపు చెరకు వేసిన కుటుంబాలకు ఈ ఒడుదొడుకులు తరాలుగా తెలుసు. ఇలాంటి రంగంలో పదేళ్ల సగటు వద్దనడానికి నాకు కారణం కనిపించదు.

అలాగని సగటు పక్షం వాళ్లు ప్రతి షేరుకూ 17ను గీటురాయిగా పెట్టడం చెల్లదు. ఆ 17 అమెరికా సూచీది. సూచీలో ఒక కంపెనీ చితికిపోతే దాన్ని తీసేసి ఇంకోటి చేరుస్తారు, అందుకే దాని లాభాలు మళ్లీ కోలుకుంటాయని నమ్మొచ్చు. ఒక్క కంపెనీకి ఆ భరోసా లేదు. పదేళ్ల కిందట బాగా సంపాదించి ఇప్పుడు గిరాకీ పోయిన వ్యాపారం ఈ కొలతలో చవకగా కనిపిస్తుంది, పోయిన లాభాలు తిరిగిరావు. మరోపక్క, ద్రవ్యోల్బణం మీద ఏటా 20 శాతం నికరంగా పెరిగిన కంపెనీకి పదేళ్ల సగటు నేటి లాభంలో సగమే వస్తుంది. నేటి పీఈ 25 అయితే పదేళ్ల పీఈ 50 చూపిస్తుంది. 5 శాతం చొప్పున పెరిగినదానికి అదే 25 దాదాపు 31 అవుతుంది. రెంటినీ ఒకే గీత దగ్గర నిలబెడితే పెరిగే కంపెనీ ఎప్పటికీ పనికిరానిదే.

ఇవన్నీ పక్కనపెట్టినా, అంకె ఏ లాభం మీద కట్టారో చూడకుండా నమ్మితే ఏమవుతుందో 2021 మార్చి 31న చూశాం. మన 50 పెద్ద కంపెనీల సూచీ నిఫ్టీకి పీఈ కట్టడానికి అప్పటిదాకా కంపెనీ ఒక్కదాని లాభమే తీసుకునేవారు, ఆ రోజు నుంచి అనుబంధ సంస్థలను కలుపుకున్న లాభం తీసుకోవడం మొదలుపెట్టారు. 40 పైన ఉన్న పీఈ ఒక్కరోజులో 33 ప్రాంతానికి దిగింది. మార్కెట్ ఎక్కడికీ పోలేదు.

కంపెనీకి పదేళ్ల పీఈ కట్టాలనుకునేవాళ్లకు ఇప్పుడొక వెసులుబాటు వచ్చింది. ఇండ్-ఏఎస్ అనే కొత్త అకౌంటింగ్ ప్రమాణాలు పెద్ద కంపెనీలకు 2016 ఏప్రిల్ 1 నుంచి, మిగిలిన లిస్టెడ్ కంపెనీల్లో చాలావాటికి ఏడాది తర్వాత తప్పనిసరి అయ్యాయి. ఆ పెద్ద కంపెనీలకు 2026 మార్చితో పదేళ్లు నిండాయి, అంటే ఆ పదేళ్ల లాభాలూ ఒకే పద్ధతిలో రాసినవి. వార్షిక నివేదికలో షేరు మీద లాభం తీసుకునేటప్పుడు మధ్యలో బోనస్ (ఉచితంగా ఇచ్చే అదనపు షేర్లు), స్ప్లిట్ (ఒక షేరును చిన్నవిగా విడగొట్టడం) వచ్చి ఉంటే పాత ఏళ్లనూ వాటికి తగ్గట్టు భాగించాలి. క్యూఐపీ ద్వారా, అంటే పెద్ద మదుపు సంస్థలకు, కొత్త షేర్లు అమ్మి, ఆ డబ్బుతో ఇంకో మిల్లు కొన్న కంపెనీకి షేరు మీద లాభమే తీసుకోవాలి గానీ మొత్తం లాభం తీసుకుంటే సగటు అబద్ధం చెబుతుంది.

పన్ను తేడా మాత్రం ఇంకా ఉంది. 2017, 2018, 2019 మార్చిలతో ముగిసిన మూడేళ్లు పాత పన్నువి. 2029 మార్చితో ముగిసే ఏడాది ఫలితాలు వస్తే గానీ అవి పదేళ్ల సగటులోంచి పూర్తిగా బయటికి పోవు. అప్పటిదాకా ఆ మూడేళ్లకు పన్నుకు ముందు లాభం వరస తీసుకుని, కంపెనీ కొత్త పన్నులోకి మారిందో లేదో వార్షిక నివేదిక నోట్స్‌లో చూసుకుని, మారి ఉంటే 25.17 శాతం చొప్పున తిరిగి లెక్క కట్టుకోవచ్చు. గ్రూపుల్లో ఇప్పుడు తిరుగుతున్న పట్టికల్లో నేను చూసినవాటిలో ఏదీ ఆ పని చేయలేదు.