శీతాకాలపు పూలకు అసలు గండం రాత్రే

పాన్సీ, స్వీట్ పీ, స్నాప్‌డ్రాగన్, లార్క్‌స్పర్. చలికాలంలో పూసే ఈ ఏకవార్షికాలు ఉక్కపోత వాతావరణంలో నీరసపడితే అందరూ ఎండనే తిట్టుకుంటారు. కుండీలను నీడకు జరుపుతారు, ఇంకాస్త నీళ్లు పోస్తారు. కానీ వీటిని ఎక్కువగా కుంగదీసేది వెచ్చటి రాత్రి.

ఆకు పగలు చక్కెర తయారుచేసుకుంటుంది. శ్వాసక్రియ దాన్ని రాత్రీపగలూ ఖర్చుపెడుతూనే ఉంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ ఖర్చు సుమారు రెట్టింపు. 15 డిగ్రీల రాత్రికి సరిపోయిన సంపాదన 25 డిగ్రీల రాత్రికి చాలదు. అందుకే కాడ సన్నగా సాగుతుంది, పాన్సీ పువ్వు చిన్నదవుతుంది, రంగు వెలవెలబోతుంది. స్వీట్ పీ అయితే మొగ్గలనే రాల్చేస్తుంది.

రాత్రిని చల్లబడనివ్వనిది గాలిలోని తేమ. పొద్దుగూకాక నేల తన వేడిని పరారుణ కిరణాలుగా పైకి వదులుతుంది. నీటి ఆవిరి వాటిని పీల్చుకుని కొంత వెనక్కి పంపుతుంది. అదే తేమ వల్ల ఆకుల నుంచి నీరు ఆవిరవడం కూడా తగ్గుతుంది. మనకు చెమట ఆరకపోతే ఎలా ఉంటుందో మొక్కకూ అంతే. వేరు నుంచి కాల్షియం పైకి వెళ్లేది ఈ నీటి ప్రవాహంతోనే కాబట్టి లేత చిగుళ్లకు అది సరిగా అందదు. పైగా ఆకు మీద తడి గంటల తరబడి నిలిస్తే శిలీంద్ర బీజాంశాలు మొలకెత్తుతాయి. అందుకే నీళ్లు పొద్దున్నే, ఆకుల మీద పడకుండా మొక్క మొదట్లో పోయాలి. మొక్కకూ మొక్కకూ మధ్య గాలి ఆడాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది విత్తే సమయం. ఇక్కడే చిక్కుంది. లార్క్‌స్పర్ గింజకు 13 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి. వేడి మట్టిలో వేస్తే చాలా గింజలు చావవు, మొలవవు, అలా పడి ఉంటాయంతే. పోనీ చలి వచ్చాకే విత్తుదామా అంటే, పాన్సీ పూతకు రావడానికి విత్తిన దగ్గర్నుంచి సుమారు మూడు నెలలు పడుతుంది. ఈలోగా చలి వెళ్లిపోతుంది! కాబట్టి రాత్రులు చల్లబడే రోజులను లెక్కేసుకుని, దానికి ఆరేడు వారాల ముందే పాన్సీ నారు ఇంట్లో చల్లని గదిలో పోయాలి. మొలకెత్తగానే మంచి వెలుతురు కావాలి. నారు దశలో మట్టి చిత్తడిగా ఉంటే పిథియం అనే శిలీంద్రం లాంటి సూక్ష్మజీవి వల్ల కాడ మొదలు మెత్తబడి మొలక వాలిపోతుంది. ఎరువు గురించి పడే టెన్షన్‌లో సగం ఈ లెక్క మీద పెడితే ఫలితం మారుతుందని నా నమ్మకం.

చలి మరీ కొద్దిరోజులే ఉండేచోట స్టాక్ అనే పూలమొక్క జోలికి వెళ్లకండి. దాని రకాల్లో చాలావాటికి కొన్ని వారాల చల్లదనం లేనిదే మొగ్గే రాదు. పెటూనియా, డయాంథస్ వేడిని ఇంకాస్త ఓర్చుకుంటాయి.

వెచ్చటి రాత్రులు తిరిగొచ్చాక లార్క్‌స్పర్‌ను బతికించాలని ప్రయాసపడకుండా, కాయలు ఎండనిచ్చి గింజలు తీసుకోండి. అవి తేమను పీల్చుకుంటే వాటి శ్వాసా పెరిగి, మొలిచే శక్తి త్వరగా తగ్గిపోతుంది. బాగా ఆరబెట్టి, గాలి చొరబడని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి.