కమాండర్‌లో కాంబో గొడవ ఎక్కడ మొదలైందంటే

మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో కమాండర్ ఫార్మాట్ ఆడేవాళ్ళు నలుగురు కూర్చుంటే ఎప్పుడో ఒకప్పుడు ఈ గొడవ వచ్చి తీరుద్ది. ఒకడు కాంబో, అంటే కలిస్తే గెలిపించేసే రెండు కార్డులు, వేసి గేమ్ అయిపోయింది అంటాడు, ఇంకొకడు "గంట నుంచి బోర్డ్ కట్టుకుంటున్నా కదరా, ఇదేం గెలుపు" అని మొహం మాడ్చుకుంటాడు. నేను రెండు వైపులా కూర్చున్నా కాబట్టి చెప్తున్నా, ఇద్దరికీ కోపం రావడంలో న్యాయం ఉంది, కానీ దీని మూలం ఫార్మాట్ లెక్కల్లోనే ఉంది.

అసలు కాంబోలు ఈ గేమ్ పుట్టినప్పటి నుంచీ ఉన్నాయి. 1993లో రిచర్డ్ గార్‌ఫీల్డ్ తెచ్చిన మొదటి సెట్‌లోనే చానెల్, ఫైర్‌బాల్ రెండూ ఉన్నాయి. చానెల్ వేస్తే మన లైఫ్‌ని (సున్నా అయితే ఓడిపోయే పాయింట్లు) మానాగా (కార్డులు వెయ్యడానికి కట్టే శక్తి) మార్చుకోవచ్చు, 20లో 19 అలా తీసేసి ఇంకాస్త మానా కలిపి, ఎంత మానా పోస్తే అంత దెబ్బ కొట్టే ఒక్క ఫైర్‌బాల్ వేస్తే ఎదుటివాడు అవుట్. తర్వాత 1998 అక్టోబర్‌లో అర్జాస్ సాగా వచ్చింది, అందులో టోలారియన్ అకాడమీ అనే ల్యాండ్ మన దగ్గర ఎన్ని ఆర్టిఫాక్టులుంటే అంత మానా ఇస్తుంది, ఆ మానాతో స్ట్రోక్ ఆఫ్ జీనియస్ వేసి ఎదుటివాడి చేత డెక్ మొత్తం డ్రా చేయించి ఓడించేవాళ్ళు. ఆ చలికాలాన్ని పాత ప్లేయర్లు ఇప్పటికీ కాంబో వింటర్ అనే అంటారు. కొన్ని నెలల్లోనే వరసగా బ్యాన్లు పడ్డాయి. అవన్నీ ఇద్దరు ఆడుకునే ఆటలో సంగతులు.

కమాండర్ పుట్టింది వేరే ఆలోచనతో. 1990ల్లో అలాస్కాలో ఒక గుంపు ఎల్డర్ డ్రాగన్ హైలాండర్ అని మొదలుపెట్టింది, అక్కడ నేర్చుకున్న షెల్డన్ మెనరీ అనే మ్యాజిక్ పోటీల జడ్జి దాన్ని మిగతా జడ్జిలకి, ప్రో టూర్లకి మోసుకెళ్ళాడు. 2011లో మ్యాజిక్ తయారుచేసే విజార్డ్స్ కంపెనీ కమాండర్ పేరుతో రెడీమేడ్ డెక్కులే అమ్మింది. రూల్స్ తెలిసినవే: 100 కార్డులు, బేసిక్ ల్యాండ్స్ తప్ప ఏదైనా ఒక్కటే కాపీ, ఒక్కొక్కరికీ 40 లైఫ్. ఒక్క కాపీ రూల్ వల్ల కాంబో కుదరడం కష్టమవ్వాలి కదా, మామూలు 60 కార్డుల డెక్‌లో నాలుగు కాపీలుంటే మొదటి ఏడు కార్డుల్లో ఒకటైనా వచ్చే ఛాన్స్ దాదాపు 40 శాతం, ఇక్కడ 99లో (వందోది కమాండర్, అది డెక్ బయట ఉంటుంది) ఒక్కటే కాబట్టి 7 శాతం, కావాల్సిన రెండూ కలిసి రావడమంటే అర శాతం కూడా లేదు. కానీ డెమోనిక్ ట్యూటర్, వాంపైరిక్ ట్యూటర్ లాంటివి డెక్‌లోంచి కావాల్సిన కార్డుని వెతికి తెచ్చేస్తాయి, అవి పడ్డాక ఆ అర శాతానికి విలువే లేదు.

అసలు లెక్క ఇక్కడుంది, జాగ్రత్తగా చూడండి. ముగ్గురు ప్రత్యర్థులు, తలా 40, అంటే ఎటాక్ చేసి గెలవాలంటే 120 లైఫ్ తియ్యాలి. ఇద్దరి ఆటలో 20 తీస్తే చాలు. అంటే క్రీచర్లతో కొట్టే డెక్కు పని ఆరింతలయ్యింది, కాంబో డెక్కు పని మాత్రం అంతే ఉంది, ఎందుకంటే ఇన్‌ఫినిట్ డ్యామేజ్‌కి 20 అయినా 120 అయినా ఒకటే. ఇంకోటి, నేను ఒక కార్డు ఖర్చుపెట్టి నీ క్రీచర్‌ని చంపితే మన ఇద్దరికీ తలా ఒక కార్డు పోయింది, పక్కన కూర్చున్న ఇద్దరికీ ఏమీ పోలేదు. అందుకే ఎవరూ ముందు చెయ్యి చేసుకోరు, ఆ నిశ్శబ్దంలో కాంబో వాడు హాయిగా ముక్కలు ఏరుకుంటాడు.

2020 జనవరిలో థాసాస్ ఒరాకిల్ వచ్చాక ఇది ముదిరింది. ఒరాకిల్ దిగగానే దాని ట్రిగ్గర్ (దానంతటదే పనిచేసే ఎఫెక్ట్) స్టాక్ అనే వరసలోకెళ్తుంది; మన లైబ్రరీలో, అంటే డెక్‌లో మిగిలిన కార్డులు, మన డివోషన్ (బోర్డ్ మీది మన కార్డుల ధరల్లో ఉన్న నీలం గుర్తుల లెక్క) కన్నా ఎక్కువ లేకపోతే అది గెలిపిస్తుంది, అప్పుడు డెమోనిక్ కన్సల్టేషన్ వేసి డెక్‌లో లేని కార్డు పేరు చెప్తే లైబ్రరీ మొత్తం ఎక్సైల్ అయిపోద్ది, అంటే ఆట బయటికి పోద్ది, ఆ తర్వాత ట్రిగ్గర్ రిజాల్వ్ అయితే (పనిచేస్తే) గెలుపు. మొత్తం మూడు మానా. ఒరాకిల్‌ని చంపినా లాభం లేదు, లైబ్రరీలో సున్నా, డివోషన్ సున్నా, షరతు సరిపోతుంది. కన్సల్టేషన్‌నో ట్రిగ్గర్‌నో కౌంటర్ చెయ్యాల్సిందే, అంటే పనిచెయ్యకుండా ఆపే కార్డు వెయ్యాల్సిందే, అది ఎవరి చేతిలో ఉంది, ఉన్నవాడు "నా తర్వాతవాడు ఆపుతాడులే" అని పాస్ చేస్తాడా అన్నదే మొత్తం పేకాట. నాకైతే కాంపిటిటివ్ టేబుల్ మీద ఆ రెండు నిమిషాలే అన్నిటికన్నా ఇష్టం. అదే ఏడాది ఏప్రిల్‌లో ఫార్మాట్‌ని నడిపించే రూల్స్ కమిటీ ఫ్లాష్ కార్డుని బ్యాన్ చేసింది, ప్రోటియన్ హల్క్‌తో కలిసి అది ఆటని మరీ తొందరగా ముగించేస్తోందని కాంపిటిటివ్ ప్లేయర్లే మొత్తుకున్నారు.

మెనరీ 2023 సెప్టెంబర్‌లో చనిపోయాడు. ఏడాది దాటాక, 2024 సెప్టెంబర్ 23న కమిటీ మానా క్రిప్ట్, జువెల్డ్ లోటస్, డాక్‌సైడ్ ఎక్స్‌టార్షనిస్ట్, నాడు (Nadu) అనే నాలుగు కార్డుల్నీ బ్యాన్ చేసింది. మొదటి మూడూ ఆటని ముందే పరిగెత్తించే కార్డులు, ఆ నిర్ణయం సరైనదే అని నేననుకుంటా, కానీ డబ్బు పోసి కొన్నవాళ్ళ కోపం కమిటీ మెంబర్లని బెదిరించేదాకా వెళ్ళింది, చాలా బాధేసింది. వారంలోనే, 30న, ఫార్మాట్ బాధ్యత విజార్డ్స్ చేతికి వెళ్ళిపోయింది.

2025 ఫిబ్రవరిలో వాళ్ళు డెక్ ఎంత బలమైందో చెప్పే ఐదు బ్రాకెట్ల పద్ధతి బీటాగా (ప్రయోగంగా) పెట్టారు, ఆటని ఒక్కసారిగా తిప్పేసే కార్డులని, గేమ్ ఛేంజర్స్ అని 40 కార్డుల లిస్టు ఇచ్చారు, ఒరాకిల్, పైన చెప్పిన రెండు ట్యూటర్లు అందులోనే ఉన్నాయి. మొదటి రెండు బ్రాకెట్లలో రెండు కార్డుల ఇన్‌ఫినిట్ కాంబోలు వద్దు, మూడోదాంట్లో ఆట మొదట్లో వద్దు, నాలుగు నుంచి అడ్డు లేదు. "మొదట్లో" అంటే ఎప్పటిదాకా అనే దగ్గరే ఇప్పుడు మాటలు నడుస్తున్నాయి, అందుకే మా పాడ్‌లో, అంటే మేం ఆడే నలుగురి టేబుల్లో, షఫుల్ చేసేముందు బ్రాకెట్ నంబర్‌తో పాటు నీ డెక్ ఎన్నో టర్న్‌లో గెలవాలని చూస్తుందో కూడా అడుగుతున్నాం.