రోట్లో దంచే మోచి: అపోహలు - వాస్తవాలు

టోక్యోలో ఒక జపనీస్ వంటశాలలో పనిచేస్తాను. జిగురు బియ్యపు అన్నాన్ని దంచి చేసే సాగే ముద్దే మోచి. డిసెంబర్ చివర్లో మా పేటవాళ్లంతా కలిసి దాన్ని దంచుతారు, ఆ వేడుకను 'మోచిత్సుకి' అంటారు. బియ్యం ఉడికించే పని నాది. టోక్యోలోనే నిషికసాయి అనే పేటలో ఉండే మనవాళ్లు, హైదరాబాద్‌లో మాల్‌కెళ్లి మోచి తిన్న చుట్టాలు నన్ను అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: మోచి అంటే లోపల ఐస్‌క్రీమ్ పెట్టిన స్వీటు.

వాస్తవం: అది నిన్నమొన్నటి సంగతి. ఐస్‌క్రీమ్ పెట్టిన 'యుకిమి దైఫుకు' జపాన్ మార్కెట్లోకి వచ్చింది 1981లో. అసలు మోచిలో తీపి ఉండదు. జనవరి 1 పొద్దున 'జోని' అనే చారులో వేసుకుని తింటారు. ఈ జోని కూడా ఊరికో రకం. టోక్యో వైపు నలుచదరపు ముక్కను కాల్చి తేట చారులో వేస్తారు. క్యోటో వైపు గుండ్రటి మోచిని కాల్చకుండా ఉడికించి తెల్ల మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) చారులో వేస్తారు. కగావాలో అయితే అజుకి అనే ఎర్ర గింజల తీపి ముద్ద కూరిన మోచిని తీసుకెళ్లి అదే మిసో చారులో వేస్తారు. చారులో తీపి ఏమిటని మొహం చిట్లించకండి, నా ఓటు దానికే. 2013లో యునెస్కో గుర్తించిన జపాన్ ఆహార సంప్రదాయంలో ప్రత్యేకంగా పేర్కొన్నది కూడా ఈ కొత్త సంవత్సరపు వంటలనే.

అపోహ: తడిపిండితో చేసేదే కదా, మన చలిమిడి లాగా.

వాస్తవం: పండక్కి దంచేది పిండిని కాదు, ఆవిరి మీద ఉడికించిన అన్నాన్ని. బియ్యం కూడా వేరు, 'మోచిగోమె' అనే జిగురు రకం. మామూలు బియ్యంలో ఉండే అమైలోజ్ అనే పిండిపదార్థం ఇందులో దాదాపు ఉండదు, ఉన్నదంతా అమైలోపెక్టిన్ అనే ఇంకో రకమే. ఆ సాగుడు దానివల్లే. సోనా మసూరిని తెల్లవార్లూ దంచినా మోచి కాదు. దుకాణాల్లో దొరికే మెత్తటి స్వీట్లు చాలావరకు జిగురు బియ్యప్పిండితో చేసినవే, అందుకే ఈ గందరగోళం.

గోధుమ పడనివాళ్లు తినొచ్చా అని కూడా అడుగుతారు. గోధుమలో ఉండే గ్లూటెన్ బియ్యంలో లేదు. పైన పోసే సోయా సాస్‌లో మాత్రం సాధారణంగా గోధుమ ఉంటుంది, అది చూసుకోండి.

అపోహ: దంచడానికి కండబలం ఉంటే చాలు.

వాస్తవం: ప్రతి ఏడూ ఒక కుర్రాడు చొక్కా చేతులు మడిచి ముందుకొస్తాడు. మొదటి దెబ్బకే మెతుకులు ఎగిరి పక్కవాళ్ల మీద పడతాయి. రాత్రంతా నానిన బియ్యాన్ని చెక్క పెట్టెల్లో ఆవిరికి ఉడికించి, వేడినీళ్లతో ముందే కాచుకున్న రోట్లో వేస్తాం. వేసీ వేయగానే దంచకూడదు. చెక్క సమ్మెట మీద ఒంటి బరువు మోపి, రోలు చుట్టూ తిరుగుతూ మెతుకులు కలిసిపోయేదాకా మెదపాలి. సగం మోచి అక్కడే తయారవుతుంది. ఆ తర్వాతే దెబ్బలు. ఒకరు సమ్మెట ఎత్తగానే ఇంకొకరు తడి చేత్తో ముద్దను మడతపెట్టి చెయ్యి లాగేస్తారు. 'యొయిషో' అని అందరూ అరిచేది ఊరికే సందడికి కాదు, ఆ తాళం తప్పితే వేళ్లు నలుగుతాయి. ఇక దెబ్బ గురి తప్పి రోటి అంచుకు తగిలిందా, చెక్క పేళ్లు మోచిలోకి వస్తాయి. చలికి ముద్ద చల్లారితే మళ్లీ సాగదు కాబట్టి నింపాదిగా చేసే పనీ కాదు.

అపోహ: పదిమంది చేతులు పడితేనే పండగ.

వాస్తవం: చలికాలం నోరోవైరస్ కాలం. ఇలాంటి వేడుకల్లో జనం వాంతులు, విరేచనాలతో పడిపోయిన సందర్భాలున్నాయి. అందుకే చాలాచోట్ల జనం దంచినదాన్ని వేడుకకే ఉంచి, తినడానికి వేరే మోచి పంచుతున్నారు. పెద్దాయనలు కొందరు గొణుగుతారు. నేను మాత్రం దీన్నే సమర్థిస్తాను.

అపోహ: మోచి గొంతులో ఇరుక్కుంటుందనేది పుకారు.

వాస్తవం: పుకారు కాదు, ప్రాణాలు పోతాయి. ముఖ్యంగా పెద్దవాళ్లకు. టోక్యో అగ్నిమాపక శాఖ ఏటా హెచ్చరిస్తుంది. ముక్కలు చిన్నగా కోయండి, ముందు టీయో చారో తాగి గొంతు తడుపుకోండి, బాగా నమలండి. పెద్దవాళ్లను, పిల్లలను ఒంటరిగా తిననివ్వకండి.

అపోహ: జనవరి మధ్యలో జపాన్‌వాళ్లు వేసే మంటలు మన భోగి నుంచి వెళ్లినవే.

వాస్తవం: వినడానికి బాగుంది కానీ ఆధారం లేదు. ఆ మంటను 'దొందొయాకి' అంటారు. కొత్త సంవత్సరానికి కట్టిన తాళ్లు, వెదురు అలంకారాలు అందులో వేసి, ఆ సెగకు మోచి కాల్చుకుని తింటారు, ఏడాదంతా ఆరోగ్యంగా ఉంటామని నమ్మకం. కనగావాలోని ఒయిసోలో సముద్రం ఒడ్డునే వేస్తారు. పాత చాంద్రమాన పంచాంగంలో అది మొదటి నెల పౌర్ణమి వేళ చేసే పండగ. 1873లో జపాన్ కొత్త క్యాలెండర్‌కు మారినప్పుడు, చాలాచోట్ల పండగ జనవరి 15 చుట్టూ స్థిరపడింది. మన భోగి సూర్యుడి లెక్క. తేదీలు పక్కపక్కన పడటం యాదృచ్ఛికం.

అపోహ: మోచి శాకాహారమే, కళ్లు మూసుకుని తినొచ్చు.

వాస్తవం: మోచి వరకు నిజమే. జోని చారు మాత్రం ఎక్కువగా ఎండు చేప తురుముతో కాచిందే, పైకి ఏమీ కనిపించదు. 'కొంబు' అనే సముద్రపు నాచుతో మాత్రమే కాచారా అని అడగండి. అడగడానికి మొహమాటమైతే 'కినాకో మోచి' తీసుకోండి: వేయించిన సోయా పిండి, పంచదార కలిపి మోచికి అద్దుతారు, అంతే.